వేలెడు ఖాళీ

అమ్మాయిని బళ్లో చేర్చిన రోజు నింపిన దరఖాస్తులో 'తల్లి చదువు' అని ఒక గడి ఉంది. అందులో కంప్యూటర్ సైన్సులో డిగ్రీ అని రాశాను. దాని కింద 'తల్లి వృత్తి' అన్న గడిలో గృహిణి అని రాశాను. కింది గడి చదివినవాళ్లు పై గడి మర్చిపోతారు కాబట్టి ఆరేళ్లపాటు నా డిగ్రీ జోలికి ఎవరూ రాలేదు. ఏడో ఏడు మధ్యలో ఆ బడి కంప్యూటర్ సారు ఒక శుక్రవారం మధ్యాహ్నం హాజరుపట్టీ మూసి, ఇంతకన్నా మంచి ఉద్యోగం దొరికిందని చెప్పి వెళ్లిపోయారు. సోమవారం పొద్దున్నే పెద్దమేడమ్ పాత దరఖాస్తుల కట్ట విప్పించారట.

ఫోను వచ్చేసరికి నేను మిక్సీ గిన్నె అడుగున బిగుసుకుపోయిన బ్లేడుతో కుస్తీ పడుతున్నాను. మధ్యాహ్నానికల్లా ఆవిడ గదిలో కూర్చుని ఉన్నాను.

పెద్దమేడమ్ బల్ల మీద కాగితాలు ఎత్తి చూశారు. సొరుగులు లాగారు. చెత్తబుట్టలోకి కూడా వంగి చూశారు. కళ్లజోడు కోసం. అది ఆవిడ నెత్తిమీదే ఉంది. ఉద్యోగం కోసం వచ్చినదాన్ని, మొదటి నిమిషంలోనే ఆ సంగతి చెప్పడం మర్యాదో, చెప్పకపోవడం మర్యాదో తేలక గోడ మీది టైంటేబులు చదువుతూ కూర్చున్నాను. చివరికి ఆవిడ కళ్లు చికిలించుకునే మాట్లాడారు.

"మీకు ప్రోగ్రాములు రాయడం వచ్చా అమ్మా?"

"పద్నాలుగేళ్ల కిందట వచ్చేది."

"ఇప్పుడు?"

"వెతికితే దొరుకుతుందండీ. ఇంట్లోనే ఎక్కడో పెట్టాను."

ఆవిడ నవ్వలేదు. కళ్లజోడు లేకపోతే ఆవిడకు హాస్యం కూడా ఆనదని తర్వాత తెలిసింది.

"ఏడో తరగతి. ఇరవై నాలుగు మంది. ఇన్నాళ్లూ రంగురంగుల బ్లాకులు లాగి అతికించేవాళ్లు. ఈ ఏడాది నుంచి అక్షరాలు టైపు చేసి రాసే ప్రోగ్రాములు మొదలుపెట్టించాను. మొదలుపెట్టినాయన వెళ్లిపోయారు. ఆరు వారాల తర్వాత శనివారం తల్లిదండ్రులందరి ముందూ ప్రదర్శన ఉంది. అది బాగా జరిగితే ఈ ఉద్యోగం మీది. జరక్కపోతే పిల్లలు మళ్లీ బ్లాకులకి వెళ్తారు. బ్లాకులైతే మా డ్రాయింగు సారు చూసుకుంటారు. మీరు మళ్లీ..." అని ఆగారు.

"మిక్సీకి" అని నేనే అందించాను.

నాకు ఆ ఉద్యోగం కావాలి. ఎంత కావాలో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే వచ్చేదాకా జాలిపడతారు, రాకపోతే ఓదారుస్తారు. రెండూ నా ఒంటికి పడవు.

మావారు సర్వేయరు. జనం స్థలాలు కొలిచిపెట్టడం ఆయన పని. ఇంట్లో గోడకి మేకు కొట్టమంటే ముందు టేపు తెస్తారు, తర్వాత మట్టం చూసే బద్ద తెస్తారు, ఆ తర్వాత గోడే వంకరగా ఉందని తేల్చి సుత్తి లోపల పెట్టేస్తారు. మా గోడలు అందుకే అంత శుభ్రంగా ఉంటాయి.

"ఏం నేర్పుతావోయ్ వాళ్లకి?" అని అడిగారు ఆ సాయంత్రం.

"యంత్రానికి పని చెప్పడం. అది చెప్పింది చెప్పినట్టు చేస్తుంది."

"చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్లతో నీకు అలవాటు లేదుగా."

"అందుకేగా వెళ్తున్నాను."

మాతోనే ఉండే మా అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండానే, "వెళ్లనీరా. ఆరు వారాలు నాకూ విశ్రాంతి" అన్నారు.

బడిలో కంప్యూటర్ గది ఒకప్పటి ఆటసామాన్ల గది. ఇప్పటికీ మూల ఒక వల, గాలిపోయిన మూడు బంతులు ఉన్నాయి. కిటికీ మూస్తే రబ్బరు వాసన, తీస్తే దుమ్ము. పన్నెండు కంప్యూటర్లకి ఇరవై నాలుగు మంది పిల్లలు, అంటే ఒకరు టైపు చేస్తుంటే ఒకరు తప్పులు పడతారు. కీబోర్డుల మీద అక్షరాలు అరిగిపోయి కొన్నిచోట్ల ఊహించుకోవాలి. లైనును ఒక్క దెబ్బకి లోపలికి జరిపే ట్యాబ్ అనే కీ ఐదింటికి ఇరుక్కుపోయింది, నాలుగింటికి ఊడిపోయింది, మిగతా మూడింటిలో నొక్కితే టిక్కుమంటుంది, అంతే.

పిల్లలకి అప్పటిదాకా వచ్చినవి బ్లాకులే. ఎర్రదొకటి, నీలందొకటి మౌస్‌తో లాక్కొచ్చి ఒకదానికింద ఒకటి తగిలిస్తే తెర మీద బొమ్మ నడుస్తుంది. తప్పుగా తగిలిద్దామన్నా అవి తగలవు. వెళ్లిపోయిన సారు వాళ్లని బ్లాకుల మీంచి దింపారు గానీ కంప్యూటర్ దాకా తీసుకురాలేదు. ప్రోగ్రాములన్నీ నోటుపుస్తకంలో రాయించారు. మార్జిను, ఎర్ర ఇంకుతో హెడింగు, హెడింగు కింద రెండు గీతలు. మొదటి రోజు నేను, "మీ పుస్తకంలో మొదటి ప్రోగ్రాము ఉన్నదున్నట్టు టైపు చెయ్యండి" అన్నాను. ఉన్నదున్నట్టే చేశారు. తేదీతో సహా.

"మేడమ్, ఒకటో లైనులో తప్పుందంటోంది" అన్నాడు వెనక వరసలో ఒకడు. వాణ్ణి అందరూ గుమ్మడి అంటారు. ఇంకెవరో పెట్టేలోపు ఆ పేరు వాడే పెట్టేసుకున్నాడని అదే క్లాసులో ఉన్న మా అమ్మాయి చెప్పింది.

"ఒకటో లైనులో ఏముంది?"

"నా పేరు, క్లాసు, రోల్ నంబరు."

"తీసెయ్ అవి."

"మరి ఎవరు రాశారో దానికెలా తెలుస్తుంది?"

"తెలియక్కర్లేదు. దాని ముందు మనమంతా ఒకటే."

"ఐతే మార్కులు ఎవరికేస్తుంది మేడమ్?"

వాడి పక్కన కూర్చునే పిల్లని పుల్ల అంటారు. మనిషి అలాగే ఉంటుంది, మాట కూడా అలాగే గుచ్చుకుంటుంది. "బ్లాకులే నయం మేడమ్. అవి తిట్టవు" అంది.

తెర మీద ఎర్ర అక్షరాలు నిజంగానే తిట్టినట్టే ఉంటాయి. ఆ తిట్లు చదవడం నేర్పకపోతే మిగతాదేదీ ఎక్కదనిపించి, ఆ రోజంతా దానిమీదే కూర్చున్నాను.

"మా ఇంట్లో మా అత్తగారుంటారు. ఉన్నట్టుండి, 'ఈ గ్లాసు ఇక్కడెవరు పెట్టారు' అంటారు. గ్లాసులో తప్పేం ఉండదు. అంతకు ముందు క్షణం నేనే ఏదో చేసి ఉంటాను. ఎర్రర్ కూడా అంతే. అది చూపించే లైను దాని కోపం బయటపడిన చోటు. అసలు తప్పు చాలాసార్లు దాని పై లైనులో ఉంటుంది. ముందు అది చూపించిన చోట చూడండి. అక్కడేం లేకపోతే ఒక గీత పైకి వెళ్లండి."

పిల్లలు దానికి 'అత్తగారి లెక్క' అని పేరు పెట్టుకున్నారు. ఆ మర్నాటి నుంచి ఎక్కడ ఎర్రరొచ్చినా, "అత్తగారి లెక్క చూశావా" అని ఒకళ్లనొకళ్లు అడగడం మొదలైంది. బళ్లో నన్ను మేడమ్ అనాలని, ఇంటి సంగతులు ఎత్తకూడదని మా అమ్మాయికీ నాకూ ఒప్పందం ఉంది. బడి సంగతులు ఇంట్లో ఎత్తకుండా ఉండడానికి మాత్రం అది విడిగా రెండు చాక్లెట్లు తీసుకుంది.

మూడో వారంలో అసలు చిక్కు వచ్చింది.

ఈ ప్రోగ్రాముల భాషకి ఒక తిక్క ఉంది. 'ఇలా జరిగితే' అని ఒక లైను రాసి, 'ఇది చెయ్యి' అని దాని కింద రాసేటప్పుడు, ఆ కింది లైనును స్పేసులు కొట్టి కొంచెం లోపలికి జరపాలి. ఎంత జరిపినా దానికి అభ్యంతరం లేదు. కానీ ఒకే మాట కింద ఉండే లైన్లన్నీ సరిగ్గా అంతే జరగాలి. ఒక్క స్పేసు తేడా వచ్చినా మొత్తం ప్రోగ్రాము నేను నడవనని భీష్మించుకు కూర్చుంటుంది. మా పిల్లలు ఒక లైనుకి రెండు స్పేసులు కొట్టి, కింది దానికి ఏడు కొట్టి, దాని కిందిది ఎలాగూ పోయిందని ఎడమ అంచుకే వదిలేసేవాళ్లు.

నాలుగు స్పేసులు పెట్టమని పుస్తకంలోనే ఉంది. ఆ పేజీ నేను చదివాను. నాలుగు పెట్టండర్రా అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ అంతకు ముందు వారం పెద్దమేడమ్ గుమ్మం దగ్గర నిలబడి విని, "మీరు చెప్పే తీరు వేరుగా ఉందమ్మా" అని వెళ్లారు. ఆ మాట నా నెత్తికెక్కింది. నాలుగు అని చెప్పడం మరీ చప్పగా అనిపించింది.

"నోటుపుస్తకంలో పేరా మొదలుపెట్టేటప్పుడు ఎంత ఖాళీ వదులుతారు?" అని అడిగాను.

"వేలెడు" అన్నారు అందరూ ఒక్కసారే. ఒకటో తరగతి నుంచీ ఆ బడి నేర్పిన పాఠం అది. ఎడమచేతి చూపుడువేలు కాగితం మీద ఆనించి, దాని పక్కనుంచి రాయాలి.

"ఇక్కడా అంతే. తెర మీద వేలు ఆనించండి. వేలు దాటేదాకా స్పేసు కొట్టండి. ఇంకా లోపలికి వెళ్లాలంటే రెండు వేళ్లు."

పన్నెండు చూపుడువేళ్లు తెరలకి ఆనాయి. మిగతా పన్నెండు వంతు కోసం గాల్లో లేచాయి. అరగంటలో ఎర్ర అక్షరాలు సగానికి సగం తగ్గిపోయాయి. రెండో రోజుకి గుమ్మడి కూడా తప్పు లేకుండా రాశాడు. కిటికీ పక్కనుంచి వెళ్తున్న డ్రాయింగు సారు ఆగి, "ఏం పాఠమండీ ఇది, వేలిముద్రలు తీసుకుంటున్నారా" అన్నారు. నేను విననట్టు నటించాను గానీ లోపల చాలా పొంగిపోయాను.

ఆ ఆనందంలో ఇంట్లో భోజనాల దగ్గర చెప్పకుండా ఉండలేకపోయాను.

మావారు ముద్ద నోటి దాకా తెచ్చి ఆపేశారు. "ఎవరి వేలు?"

"ఎవరి వేలు వాళ్లదే."

"కొలత అన్నాక అందరికీ ఒకటే ఉండాలోయ్. ఒక్కొక్కళ్లదీ ఒక్కో లావు ఉంటే దాన్ని కొలత అనరు."

"మీరు తింటున్న అన్నానికి ఎసరు వేలి గణుపుతోనే కొలిచాను. పద్నాలుగేళ్లుగా తింటున్నారు. ఎప్పుడైనా ముద్దయ్యిందా?"

"నీ వేలితో నువ్వే కొలిచి నువ్వే వండుతున్నావు కాబట్టి కాలేదు."

"అయితే ఇంకేం. వాళ్ల వేళ్లతో వాళ్లే కొలిచి వాళ్లే రాసుకుంటున్నారు."

వాదనలో నేనే గెలిచాను. ఆ గెలుపు మూడు వారాలు నిలిచింది.

ప్రదర్శనకి ఏం చెయ్యాలన్నది పిల్లలే తేల్చారు. బడిలో మెట్ల కింద పోయిన వస్తువుల పెట్టె ఒకటి ఉంటుంది. నీళ్లసీసాలు, గొడుగులు, ఎడమకాలి బూట్లు. కుడికాలివి ఎందుకు పోవో ఎవరికీ తెలియదు. ఏ వస్తువు పోయిందో టైపు చేస్తే, అది ఎక్కడ వెతకాలో చెప్పే ప్రోగ్రాము రాద్దామన్నారు. పిల్లకో వస్తువు, వస్తువుకి రెండు లైన్లు: 'పోయింది ఇదైతే' అని ఒకటి వేలెడు లోపలికి, 'ఈ జవాబు చెప్పు' అని ఇంకోటి రెండు వేళ్లు లోపలికి. ఈ నలభై ఎనిమిది లైన్లకీ పైన ఉండాల్సిన రెండు లైన్లు నేను రాశాను. మొదటిది, అడుగుతూనే ఉండమని. దాని కింద వేలెడు లోపలికి, 'ఏం పోయింది?' అని అడగమని.

పిల్లలు జవాబులు రాయడంలో ప్రాణం పెట్టారు. నీళ్లసీసాకి, "బస్సులో చూడు, లేకపోతే అమ్మకి చెప్పడానికి మాట సిద్ధం చేసుకో" అని ఒకరు. లెక్కల పుస్తకానికి, "అది పోలేదు, నువ్వే పారేశావు" అని పుల్ల. పై రెండు లైన్లూ ఎవరి వేలితో వాళ్లనే కొట్టుకోమని, ఒక్కొక్కళ్లవీ విడివిడిగా నడిపించి చూశాను. అన్నీ శుభ్రంగా నడిచాయి. గుమ్మడి రాసింది కూడా చదివాను. అది తీసెయ్యమని చెప్పాల్సింది. చెప్పలేదు.

శుక్రవారం అన్నీ ఒక్కచోట చేర్చి నడిపి చూసుకుందామనుకున్నాను. శుక్రవారం పొద్దున వెళ్లేసరికి, ప్రదర్శనకి తెచ్చిన నూట యాభై కుర్చీలు కంప్యూటర్ గదిలో పేర్చి ఉన్నాయి. తలుపు లోపలికి తెరుచుకునే తలుపు. అరచెయ్యి దూరేంత సందు వచ్చి ఆగిపోయింది. విడివిడిగా నడిచినవి కలిస్తే నడవకేం చేస్తాయిలే అనుకున్నాను. ఉమ్మడి కాపురం చేస్తూ కూడా అలా ఎలా అనుకున్నానో.

శనివారం పదింటికి హాలు నిండిపోయింది. ముందు వరసలో పెద్దమేడమ్, ఆవిడ పక్కన డ్రాయింగు సారు. వెనక వరసలో గోడకి ఆనుకుని మావారు, ఆయన పక్కన మా అత్తగారు. గోడ మీద ప్రొజెక్టర్ వెలుగు. ఆ పొద్దున కుర్చీలు బయటికి వచ్చాక, పన్నెండు కంప్యూటర్లలోంచి పిల్లల ముక్కలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, వరసగా నా రెండు లైన్ల కింద అతికించి, హాల్లో ఉన్న కంప్యూటర్లో పెట్టేసరికి గంట కొట్టేశారు. నడిపి చూసే టైము లేదు.

పెద్దమేడమ్ నాలుగు మాటలు చెప్పి నావైపు చెయ్యి చూపించారు. నేను నడిపించే బటన్ నొక్కాను.

గోడ నిండా ఎర్ర అక్షరాలు.

మూడో లైను. పైదానితో దీని ఖాళీ కలవడం లేదని. తెర మీద ఇంగ్లీషులో ఉన్నా ఆ రంగుకి తర్జుమా అక్కర్లేదు. హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. నేను ఎర్రర్ పక్కకి జరిపి ప్రోగ్రాము గోడ మీదికి తెచ్చాను. చిన్న తెర మీద ఎప్పుడూ కనపడనిది గోడ మీద మూరెడు కనపడింది. ఎడమ అంచు పళ్లూడిన దువ్వెనలా ఉంది. ఒకరిది మూడు స్పేసులు, ఒకరిది ఐదు, ఒకరిది ఆరు.

వెనక వరసవైపు చూడకూడదనుకుంటూనే చూశాను. మావారు చూపుడువేలు పైకెత్తి, దాన్నే శ్రద్ధగా పరీక్షించుకుంటున్నారు.

డ్రాయింగు సారు వంగి, నిజంగా సాయం చేద్దామనే, మెల్లగా అన్నారు. "మీ అమ్మాయిది ఒక్కదానిదీ విడిగా నడిపించెయ్యండి మేడమ్. చప్పట్లు కొట్టేస్తారు. ఎవరికి తెలుస్తుంది."

నిజమే. అమ్మాయి ముక్క తీసి నడిపిస్తే నడుస్తుంది. ఉద్యోగం నాదవుతుంది. చెయ్యి మౌస్ దాకా వెళ్లింది కూడా. అప్పటికే గుమ్మడి వేదిక ఎక్కేశాడు. గోడ మీద తన లైను దగ్గరికెళ్లి వేలు ఆనించబోయి, ఆ ఖాళీకి వేలు చాలక మోచెయ్యి దాకా ఆనించాడు.

"నాకు ఆరు స్పేసులు మేడమ్. ఏయ్ పుల్లా, నీకెన్ని?"

"మూడు" అంది పుల్ల కుర్చీలోంచే.

"వేలు ఒకటే కదే."

"నీ వేలు ఒకటి కాదు, రెండు."

హాల్లో ఎవరో నవ్వారు. ఇక మౌస్ వదిలేశాను.

"తప్పు పిల్లలది కాదండీ" అన్నాను, తల్లిదండ్రులవైపు తిరిగి. "ఎంత ఖాళీ వదలాలో వేలితో కొలుచుకోమని నేనే చెప్పాను. ఇరవై నాలుగు వేళ్లు ఇరవై నాలుగు రకాలని నాకు తట్టలేదు. ఇంట్లో ఒకరు చెప్పారు కూడా, వినలేదు. ఇప్పుడు పిల్లలు సరిచేస్తారు. కాస్త టైము పడుతుంది. ఎవరికైనా పనుంటే వెళ్లొచ్చు."

ఎవరూ వెళ్లలేదు. ఫలహారాలు ప్రదర్శన తర్వాతే ఇస్తామని కార్డులో రాసి ఉంది.

"ఎన్ని పెడదాం?" అని పిల్లల్ని అడిగాను.

"ఆరు" అన్నాడు గుమ్మడి. వాడిది మార్చక్కర్లేకుండా.

"మూడు" అంది పుల్ల, అదే కారణానికి.

"నాలుగు" అన్నాను.

"నాలుగెందుకు మేడమ్? ఎవరి వేలది?"

"ఎవరి వేలూ కాదు. వేళ్లు జేబుల్లో పెట్టుకోండి. పుస్తకంలో నాలుగని ఉంది, నేను టీచర్ని."

ఒక్కొక్కళ్లూ వచ్చి కీబోర్డు దగ్గర నిలబడి, స్పేసులు నోటితో పైకి లెక్కపెడుతూ తమ రెండు లైన్లూ జరుపుకున్నారు. మొదట్లో తల్లిదండ్రులు ఫోన్లు చూసుకున్నారు. ఆరో పిల్ల వచ్చేసరికి మూడో వరసలో ఒకాయన, "ఇంకొక్కటి తగ్గించమ్మా" అన్నారు. పదో వాడి దగ్గర వాళ్లమ్మే లేచి, "రెండో లైనుకి ఎనిమిది రావాలి నాన్నా, ఏడే కొట్టావు" అంది. ప్రోగ్రాము అంటే ఏమిటో అప్పటిదాకా తెలియని మనిషి. పదిహేనో పిల్ల దగ్గర మావారు ఇక పట్టలేకపోయారు. లేచి నిలబడి, పొలంలో కర్ర పట్టుకున్నవాడికి చెప్పినట్టు, "ఎడమకి... ఇంకా ఎడమకి... చాలు, ఆపు" అని చేత్తో సైగ చెయ్యడం మొదలుపెట్టారు. ఆయన సరిహద్దు తగాదాలు ఇంత హాయిగా తీర్చడం నేనెప్పుడూ చూడలేదు. మా అత్తగారు ఆయన చొక్కా పట్టి లాగుతూనే ఉన్నారు.

చివరి పిల్లాడు దిగాడు. గోడ మీద ఎడమ అంచు గీత గీసినట్టుంది. బటన్ నొక్కాను.

ఎర్ర అక్షరాలు. మళ్లీ మూడో లైనే.

మూడో లైను పుల్లది. ఆ పిల్ల గోడ దగ్గరికెళ్లి నాలుగు స్పేసులూ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టింది. సరిగ్గా నాలుగే. చేతులు నడుముకి పెట్టుకుని వెనక్కి తిరిగింది.

"నాది కరెక్టే మేడమ్. అత్తగారి లెక్క చూడాలి."

పిల్లలందరి చూపులూ ఒక గీత పైకి వెళ్లాయి. రెండో లైను. 'ఏం పోయింది?' అని అడిగే లైను. పిల్లలందరూ వచ్చి జరుపుకున్నారు. అక్కడికి మాత్రం ఎవరూ రాలేదు. ఐదు స్పేసులు.

"అది ఎవరిది?" అని అడిగారు పెద్దమేడమ్.

మొదటి వరసలోంచి మా అమ్మాయి ఒప్పందం మర్చిపోయి, "అమ్మా, నీదే" అంది.

వెనకనుంచి మా అత్తగారి గొంతు స్పష్టంగా వినపడింది. "ఏ అత్తగారి లెక్కరా?"

నేను వెళ్లి ఒక్క స్పేసు తీసేశాను. నా వేలు ఇంత లావని నాకు అప్పుడే తెలిసింది. బటన్ నొక్కాను.

'ఏం పోయింది?' అని అడిగింది గోడ.

చప్పట్లు కొట్టాలో వద్దో తేలక జనం ఆగారు, ఎందుకంటే పెద్దమేడమ్ లేచి వేదికవైపు వస్తున్నారు. కీబోర్డు మీదికి ముక్కు ఆనేంత వంగి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు. ఆవిడకి ఆ పొద్దుటి నుంచీ నిజంగానే పోయిన వస్తువు. కళ్లజోడు.

నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి జవాబు గోడ మీద ఉంది.

"ఏమంటోందమ్మా?" అని అడిగారు ఆవిడ గోడవైపు చూసి కళ్లు చికిలిస్తూ. "నాకు ఆనట్లేదు. చదవండి."

నూట యాభై మంది అప్పటికే చదివేశారు. ఎవరూ నవ్వలేదు. ఆరు వారాల కిందట చెప్పాల్సిన మాట ఇప్పుడు మైకులో చెప్పాల్సి వచ్చింది.

"'పెద్దమేడమ్ నెత్తిమీద చూడండి. అక్కడ లేకపోతే నిజంగానే పోయినట్టు'" అని చదివాను.

ఆవిడ చెయ్యి మెల్లగా పైకి వెళ్లింది. కళ్లజోడు కిందికి దిగింది. దాన్ని చీరకొంగుతో తుడుచుకుని పెట్టుకుని, గోడ మీదిది మొదటి అక్షరం నుంచీ మళ్లీ చదివారు. ఆ తర్వాత పిల్లలవైపు తిరిగారు.

"ఎవరు రాశారు ఇది?"

గుమ్మడి సగం లేచి, పూర్తిగా లేవాలా వద్దా అన్నట్టు అక్కడే ఆగాడు.

"నేను చదివానండీ ముందే" అన్నాను. "తియ్యించలేదు."

"ఎందుకు తియ్యిస్తారు" అన్నారు ఆవిడ. "సరిగ్గానే చెప్పిందిగా." ఆగి, "నలభై నిమిషాలు వెతికాను పొద్దున" అని గొణిగారు. అప్పుడు నవ్వింది హాలు. కళ్లజోడు ఉంది కాబట్టి ఆవిడ కూడా నవ్వారు.

వేదిక దిగుతూ నా దగ్గర ఆగారు. "సోమవారం తొమ్మిదికల్లా రండి. ముందు ఆ తెరల మీద వేలిమరకలు తుడిపించండి. ఏం కనపడి చస్తోంది వాటిలో."

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు మా అత్తగారు నా పక్కకి వచ్చారు. మలుపు తిరిగాక, "ఆ అత్తగారి లెక్క ఏదో బాగా పనికొచ్చినట్టుందే" అన్నారు.

"అదే లేకపోతే గట్టెక్కేదాన్ని కాదు అత్తయ్యా" అన్నాను. ఆవిడ దాన్ని పొగడ్త కింద తీసుకున్నారో లేదో, మొహం చూస్తే తెలిసే రకం కాదు. అమ్మాయి మాత్రం వెనకనుంచి నా చెయ్యి గిల్లి నాలుగు వేళ్లు చూపించింది. చాక్లెట్లు.

సోమవారం పొద్దున నేను తొమ్మిదింటికి బళ్లో ఉన్నాను. మా అత్తగారు పక్కూళ్లో ఉన్న చెల్లెల్ని చూడ్డానికి వెళ్లారు. మధ్యాహ్నం వంట మావారిది. పదకొండున్నరకి ఫోను చేసి, ఎసరు ఎంత పొయ్యాలని అడిగారు. క్లాసులో ఉన్నాను, ఒక గణుపు అని చెప్పి పెట్టేశాను.

సాయంత్రం వచ్చి గిన్నె మూత తీశాను. అన్నం ముద్దయిపోయి, గరిటె లోపల నిటారుగా నిలబడి ఉంది. పక్కన బల్ల మీద ఆయన స్టీలు స్కేలు కూడా ఉంది, తుడిచి పెట్టి.

"గణుపే పెట్టానోయ్" అన్నారు వెనకనుంచి. "స్కేలుతో కూడా సరిచూశాను. మూడున్నర సెంటీమీటర్లు, చుక్క తేడా లేదు."

నేను వెనక్కి తిరగలేదు. మూడు వారాలుగా దాచుకున్నది, నెమ్మదిగా, గరిటె పీకుతూ అడిగాను.

"ఎవరి వేలు?"